గీత ఎక్కడ పెట్టాలి? కంటి ఫొటో చూసే కంప్యూటరు, దానికి తోడు ఒక పేజీ



గత సంచికలో షుగరు వ్యాధి కళ్ళను ఎలా పాడు చేస్తుందో రాశాము. అది చదివిన కామారెడ్డి, ఎల్లారెడ్డి కుటుంబాల వారు కొందరు ఆదివారం ఆరాధన అయిపోయాక మమ్మల్ని ఆపి ఒకే మాట అడిగారు. కంటి ఫొటో తీస్తే డాక్టరు లేకుండానే కంప్యూటరు జబ్బు చెప్పేస్తుందట, నిజమేనా? అది చెప్పింది నమ్మవచ్చునా?

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. నిజమే. రెండవ దానికి జవాబు ఒక్క మాటలో చెప్పలేము. చెప్పడానికి మేము చేసిన మొదటి ప్రయత్నం చెడిపోయింది కూడా. ఆ సంగతి, దాని తరువాత మేము నేర్చుకున్న సంగతి ఈ సంచికలో రాస్తున్నాము. కొంచెం లెక్కలు ఉంటాయి, కంగారు పడవద్దు. మూడవ తరగతి లెక్కలే.

2016 చివరలో అమెరికా వైద్య పత్రిక 'జామా'లో గూగుల్ సంస్థ పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. మొదటి రచయిత వరుణ్ గుల్షన్. షుగరు వల్ల కంటి వెనుక తెరకు వచ్చే జబ్బును (డాక్టర్లు డయాబెటిక్ రెటినోపతీ అంటారు) ఫొటో చూసి గుర్తు పట్టేటట్లు కంప్యూటరుకు వారు నేర్పారు. నేర్పడానికి 1,28,175 కంటి ఫొటోలు వాడారు. వాటిలో అమెరికావి ఉన్నాయి, మన దేశంలోని అరవింద్ కంటి ఆసుపత్రి, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయల నుండి వచ్చినవి కూడా ఉన్నాయి. 54 మంది కంటి వైద్యులు ఒక్కొక్క ఫొటోను మూడు నుండి ఏడు సార్లు చూసి, జబ్బు ఎంత ఉందో గుర్తు వేశారు. ఆ గుర్తులను చూసి చూసి కంప్యూటరు నేర్చుకుంది. ఎవరూ దానికి 'రక్తపు చుక్క ఇలా ఉంటుంది' అని సూత్రం చెప్పలేదు. పిల్లవాడు నాలుగు మేకలను చూసి అయిదవదాన్ని తానే మేక అన్నట్లు నేర్చుకోవడం అది. దీనినే మెషిన్ లెర్నింగ్ అంటారు.

మన దగ్గర కూడా ఇటువంటి పని లేకపోలేదు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థతో కలిసి కంటి వైద్యంలో ఇదే తరహా పని మొదలుపెట్టింది. పిల్లల కంటి పరీక్షలలో దానిని వాడతామని 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి ఇది దూరదేశపు ముచ్చట కాదు.

ఇక మేము చేసిన పొరపాటు. ఆ వ్యాసంలోని అంకెలను పెద్ద చార్టు మీద రాసి ఓపీ హాలులో గోడకు అంటించాము. 'జబ్బు ఉన్నవారిని గుర్తించడం 97.5 శాతం. జబ్బు లేనివారిని లేదని చెప్పడం 93.4 శాతం.' తప్పు లేని అంకెలు. రెండు రోజుల తరువాత ఎల్లారెడ్డి వైపు నుండి వచ్చిన ఒక పెద్దమ్మ దాని ముందు చాలాసేపు నిలబడి మా సిస్టరును అడిగింది: "గా తొంభై ఏడు ఎవలకొచ్చింది సిస్టరమ్మా? నాకెంత వచ్చింది?" ఆమె దానిని మార్కులనుకుంది. ఆమె పక్కనున్న ఆయన తన కన్ను 97 శాతం పోయిందనుకుని కూర్చుండిపోయాడు. ఆయనకు కంటి పరీక్ష ఇంకా చేయనే లేదు. ఆ సాయంత్రమే చార్టు తీసివేశాము.

శాతం అనే మాటలో మనుషులు కనిపించరు. అదే మా తప్పు.

అప్పుడు మా కుటుంబాలలో కంప్యూటరు చదువు చదివిన ఒక యువకుడు మాకు వేరే దారి చూపించాడు. పరిశోధనా వ్యాసం రాసేవారిలో కొందరు ఆ వ్యాసానికి తోడుగా ఇంటర్నెట్టులో ఇంకొక పేజీ తయారు చేస్తారట. అది చదివి ఊరుకునే పేజీ కాదు, ముట్టుకునే పేజీ. బొమ్మలుంటాయి, జరపడానికి ఒక మీట ఉంటుంది. ఫోనులో పాట శబ్దం పెంచి తగ్గించే గీత ఉంటుంది కదా, అలాంటిదే. దానిని స్లైడర్ అంటారు. మీట జరిపితే బొమ్మ మారుతుంది. రచయిత చెప్పినది నమ్మే అవసరం లేకుండా, చదివేవారు తామే జరిపి చూసుకుంటారు.

వీటిలో బాగా పేరు వచ్చినది 2016 నాటిదే. మోరిట్జ్ హార్ట్, ఎరిక్ ప్రైస్, నాథన్ స్రెబ్రో అనే ముగ్గురు, కంప్యూటరు చేసే నిర్ణయాలలో అందరికీ సమాన అవకాశం ఎలా ఇవ్వాలి అని ఒక వ్యాసం రాశారు. నిండా గణితం. మార్టిన్ వాటెన్‌బర్గ్, ఫెర్నాండా వియేగాస్ అనే గూగుల్ పరిశోధకులు హార్ట్‌తో కలిసి దానికి తోడు పేజీ చేశారు. అందులో బ్యాంకు అప్పు ఉదాహరణ తీసుకున్నారు. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క మనిషి. ఎవరు అప్పు తిరిగి కడతారు, ఎవరు కట్టరు అన్నది చుక్క రంగులో తెలుస్తుంది. మధ్యలో ఒక నిలువు గీత. గీతకు ఇటువైపు వారికి అప్పు ఇస్తారు, అటువైపు వారికి ఇవ్వరు. గీతను జరిపితే బ్యాంకు లాభం మారుతుంది, అప్పు దొరకని మంచివాళ్ళ లెక్క కూడా మారుతుంది. మన మహిళా సంఘాలలో అప్పు ఎవరికి ఇవ్వాలని గంటలు గంటలు మాట్లాడుకునే వారికి ఆ పేజీ చూపిస్తే ఒక్క నిమిషంలో పట్టుకుంటారు. ఆ గణితమే కాగితం మీద రాస్తే మాకే అర్థం కాలేదు.

2017లో 'డిస్టిల్' అనే పత్రిక ఒకటి ఇటువంటి వ్యాసాల కోసమే మొదలైంది. చాలా అందమైన పని చేశారు. కానీ ఒక్కొక్క వ్యాసానికి పట్టే శ్రమ ఎక్కువ, నడిపేవారు స్వచ్ఛందంగా పనిచేసేవారు. అలసిపోయారు. 2021లో విరామం ప్రకటించారు. సంచికను సమయానికి తేవడానికి మేము పడే పాట్లు గుర్తుకు వచ్చి, వారి మీద మాకు కొంచెం జాలి కలిగింది.

సరే, కంటి ఫొటోల వ్యాసానికి మన ఓపీ హాలు వారి కోసం అటువంటి పేజీ చేస్తే? ఆ యువకుడు, మేము కలిసి ఆ పనిలో దిగాము. దిగాక తెలిసింది, ముందు కంప్యూటరు పని కాదు, ఆ పేజీలో ఏ మీట ఉండాలో తేల్చుకోవడమే పని అని.

ఆ వ్యాసంలోని అసలు విషయం ఇది. కంప్యూటరు ఫొటో చూసి 'ఉంది', 'లేదు' అని చెప్పదు. సున్నా నుండి ఒకటి వరకు ఒక అంకె ఇస్తుంది. 0.1 అంటే జబ్బు ఉన్నట్లు తోచడం లేదు, 0.9 అంటే ఉన్నట్లే ఉంది. మధ్యలో ఎక్కడో ఒక మనిషి గీత గీయాలి. గీతకు పైన వచ్చిన వారిని పెద్ద ఆసుపత్రికి పంపుతారు, కింద వచ్చిన వారిని ఇంటికి పంపుతారు. ఆ గీత కంప్యూటరు గీయదు. గుల్షన్ గారి బృందం కూడా ఒక్క గీత చెప్పలేదు, రెండు గీతలు పెట్టి చూపించింది. మా చార్టులో మేము రాసినది వాటిలో ఒకటి మాత్రమే. రెండవ గీత దగ్గర, అవే ఫొటోల మీద, జబ్బు ఉన్నవారిని గుర్తించడం 90.3 శాతం, లేనివారిని లేదని చెప్పడం 98.1 శాతం. ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతుంది.

శాతాలు పనికిరావని తెలుసుకున్నాము కాబట్టి మనుషులను లెక్కపెట్టాము. షుగరు ఉన్న 1000 మంది అనుకోండి. వారిలో 100 మందికి పెద్ద ఆసుపత్రికి పంపవలసినంత కంటి జబ్బు ఉందనుకోండి. ఇది లెక్క కోసం మేము అనుకున్న సంఖ్య, మన మండలాలలో లెక్కించినది కాదు.

మొదటి గీత పెడితే ఆ 100 మందిలో 97 లేదా 98 మంది దొరుకుతారు. ఇద్దరో ముగ్గురో తప్పిపోతారు. కానీ మిగిలిన 900 మందిలో, జబ్బు అంత లేకపోయినా, 59 మందిని పెద్ద ఆసుపత్రికి వెళ్ళమంటుంది.

రెండవ గీత పెడితే ఉత్తగా వెళ్ళవలసిన వారు 59 నుండి 17కు తగ్గుతారు. కానీ జబ్బు ఉండి కూడా 'మీకేమీ లేదు, ఇంటికి వెళ్ళండి' అనిపించుకునేవారు 10 మంది.

మీట ఇదే. ఇటు జరిపితే తప్పిపోయేవారు తగ్గుతారు, అటు జరిపితే ఉత్త ప్రయాణాలు తగ్గుతాయి. రెండూ ఒకేసారి సున్నా చేసే చోటు ఆ మీట మీద లేదు.

పేజీ తయారయ్యేలోపు దీనిని చింతగింజలతో చేసి చూద్దామని మా సిస్టర్లు అన్నారు. వెయ్యి చింతగింజలు లెక్కపెట్టడానికి నర్సింగ్ అమ్మాయిలకు ఒక సాయంత్రం పట్టింది. నూరు గింజలకు ఎర్రటి గోళ్ళరంగు పూశారు. చేటలో పోసి, మధ్యలో ఒక పుల్ల అడ్డం పెట్టాము. పుల్లకు ఇవతల పెద్ద ఆసుపత్రి, అవతల ఇల్లు. మొదటి గీత లెక్క ప్రకారం ఒకసారి, రెండవ గీత లెక్క ప్రకారం ఒకసారి గింజలు సర్ది చూపించాము. చార్టు ముందు నిలబడి బెదిరినవారే చేట చుట్టూ చేరి వాదులాడుకున్నారు.

బీడీలు చుట్టే ఒక అక్క ఇంటివైపు మిగిలిన పది ఎర్ర గింజలను వేలితో చూపించి, "గీ పది మందిల నేనుంటే? కూలి ఒక్క దినం పోతది. కన్ను పోతే ఆకు ఎట్ల కత్తిరించాలె?" అన్నది. ఆమె పుల్లను మొదటి గీత దగ్గరే ఉంచమంది. ఒక తండా నుండి వచ్చిన పెద్దాయన ఒప్పుకోలేదు. ఎల్లారెడ్డి దాకా రావడం, అక్కడి నుండి కామారెడ్డి, మళ్ళీ హైదరాబాదు బస్సు, తోడు ఒక మనిషి, రెండు కూలీలు పోతాయి. అక్కడికి పోయాక ఏమీ లేదంటే, మరుసటి ఏడు ఎవరు పిలిచినా ఆ తండాలో ఒక్కరూ కదలరు అన్నాడు. అప్పుడు నిజంగా జబ్బు ఉన్నవాడు కూడా ఆగిపోతాడు.

ఇద్దరూ న్యాయమే చెప్పారు. తరువాత ఆ అక్కే మమ్మల్ని అడిగింది: "గా పుల్ల ఎవలు పెడ్తరు సారూ? మమ్ములను అడుగుతరా?"

దీనికి మా దగ్గర తయారు జవాబు లేదు. పుల్ల పెట్టేది యంత్రం తయారు చేసినవారు, కొనే ఆసుపత్రి, పథకం నడిపేవారు. ఆ హాలులో కూర్చున్నవారిని అడిగిన సందర్భం మేము చూడలేదు. తోడు పేజీ వల్ల వారి చేతికి పుల్ల రాదు. కానీ పుల్ల అనేది ఒకటి ఉందని, అది జరుగుతుందని వారికి తెలుస్తుంది. తెలిసినవారు అడగగలరు.

మా అభిప్రాయం మేము దాచుకోము. షుగరు కంటి జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, చూపు తగ్గదు. తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. కాబట్టి తప్పిపోయేవారు తక్కువ ఉండే గీతవైపే మా మొగ్గు. అయితే ఒక షరతు. యంత్రం వెళ్ళమన్న ప్రతివారినీ బస్సు ఎక్కించకుండా, ముందు ఆ ఫొటోను ఒక కంటి డాక్టరు చూడాలి. ఫొటో ప్రయాణానికి టికెట్టు అక్కరలేదు. అప్పుడు ఆ పెద్దాయన బాధ చాలా మట్టుకు తీరుతుంది.

పేజీ విషయానికి వస్తే, చేటలో చేయలేనివి అందులో చేయవచ్చు. ముఖ్యమైనది రెండవ మీట, ఊరిలో ఎందరికి జబ్బు ఉంది అన్నది. 1000 మందిలో 100 మందికి బదులు 20 మందికే ఉందనుకుని, మొదటి గీతే పెట్టి చూడండి. జబ్బు ఉన్నవారిలో సుమారు అందరూ దొరుకుతారు, 19 లేదా 20 మంది. కానీ ఉత్తగా పిలిపించుకునేవారు 65 మంది. అంటే ఆసుపత్రికి వెళ్ళమన్న ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా జబ్బు లేనివారే. యంత్రం అదే, గీత అదే, ఊరు మారింది అంతే. 'యంత్రం నీకు జబ్బు ఉందంది' అన్నంత మాత్రాన ఏడవకూడదని మేము చెప్పే మాటకు కారణం ఇక్కడ కనబడుతుంది.

మూడవది, చెడిపోయిన ఫొటోల పెట్టె. దీనిని మేము మొదట మరిచిపోయాము. థాయ్‌లాండులో 11 క్లినిక్కులలో ఇదే తరహా యంత్రాన్ని వాడినప్పుడు ఎదురైన ఇబ్బందుల మీద 2020లో ఒక అధ్యయనం వచ్చింది. మొదటి ఆరు నెలలలో పెట్టిన 1838 ఫొటోలలో 21 శాతాన్ని యంత్రం చూడలేనని తిప్పి పంపింది. గది చీకటిగా లేకపోవడం వంటి చిన్న కారణాలు. ఇంటర్నెట్టు నెమ్మదిగా ఉంటే క్యూలు పెరిగాయి. ఫొటో తిప్పి పంపబడిన రోగి ఇంకొక రోజు ఇంకొక చోటికి వెళ్ళవలసి వచ్చింది. మన కరెంటు, మన నెట్టు తెలిసినవారికి ఇది వివరించనవసరం లేదు. కాబట్టి పేజీలో 'ఉంది', 'లేదు' అనే రెండు గడులు కాక మూడవ గడి పెట్టించాము.

ఇంకొకటి. 2019లో అదే యంత్రాన్ని అరవింద్, శంకర నేత్రాలయలలో 3049 మంది మీద పరీక్షించి మరొక వ్యాసం ప్రచురించారు. జబ్బును గుర్తించడం అరవింద్‌లో 88.9 శాతం, శంకర నేత్రాలయలో 92.1 శాతం వచ్చింది. చేతితో ఫొటోలు చూసి జబ్బు గుర్తించేవారికి దాదాపు సమానంగానో, అంతకన్నా మెరుగ్గానో చేసింది. అయినా ఒక చోటి అంకె ఇంకొక చోటికి అచ్చంగా రాదు. అందుకని పేజీలో ప్రతి అంకె కింద అది ఎక్కడిదో, ఏ సంవత్సరానిదో రాయాలని నిర్ణయించాము. కామారెడ్డి అంకెలు అని ఎక్కడా రాయలేదు, ఎందుకంటే కామారెడ్డి అంకెలు అందులో లేవు.

పేజీలో ఏమి ఉండకూడదు అన్నది కూడా మాట్లాడుకున్నాము. అసలు కంటి ఫొటోలు పెడితే బాగుంటుందని మొదట అనుకున్నాము. పేరు తీసేస్తే చాలు కదా అన్నారు ఒకరు. చాలదు. 2018లో గూగుల్ పరిశోధకులే ఇంకొక వ్యాసంలో, ఒట్టి కంటి తెర ఫొటోను బట్టి ఆ మనిషి వయసు, ఆడో మగో, పొగ తాగే అలవాటు ఉందో లేదో కంప్యూటరు చాలా వరకు ఊహించగలదని చూపించారు. పేరు లేని ఫొటో కూడా మాట్లాడుతుందన్నమాట. మనలను నమ్మి గడ్డం ఆనించి కూర్చున్న రోగి కంటిని ఊరంతా చూసే చోట పెట్టము. బొమ్మలు గీయించాము.

పని జరిగే తీరు చాలా సులువు. మీట జరిపినప్పుడు చేసే లెక్క నాలుగు గుణకారాలు. ఆ లెక్కను జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసి పేజీలోనే పెడతారు. లెక్క చూసేవారి ఫోనులోనే జరుగుతుంది, ఎక్కడికీ ఏమీ పంపదు. అందుకే ఒకసారి పేజీ తెరుచుకున్నాక నెట్టు పోయినా మీట పని చేస్తుంది. మొత్తం కలిపి ఒక పెళ్ళి ఫొటో కన్నా తక్కువ బరువు. ఫోనులో ఒకరి నుండి ఒకరికి పంపుకోవచ్చు.

మాకు ఎక్కువ తగాదా అయినది చిన్న విషయం మీద. పేజీ తెరవగానే మీట ఎక్కడ ఉండాలి? చాలామంది దానిని జరపనే జరపరు, తెరవగానే ఉన్నదే సరైనదనుకుంటారు. మొదటి గీత దగ్గర ఉంచితే మా అభిప్రాయం వారి మీద రుద్దినట్లు. మధ్యలో ఉంచుదామంటే, వ్యాసంలో అంకెలు ఉన్నది రెండు చోట్లకే. చివరకు మీటను ఎక్కడా ఉంచలేదు. చూసేవారు వేలు పెట్టి ఒక గీతను ఎంచుకునేదాకా ఒక్క చుక్క కూడా ఎటూ కదలదు. అందరూ ఇంకా ఓపీ హాలులోనే కూర్చుని ఉంటారు. తప్పిపోయినవారి చుక్కలకు రంగు ఒక్కటే చాలదని, రంగులు సరిగా తెలియని వారి కోసం వాటికి చుట్టూ గుండ్రటి గీత కూడా గీయించాము.

మాటల మీద కూడా పని పడింది. పుస్తకాలలోని పెద్ద పెద్ద పదాలు తీసేసి 'దొరికినవారు', 'తప్పిపోయినవారు', 'ఉత్తగా పోయినవారు', 'ఫొటో చెడినవారు' అని రాశాము. చదవలేని వారి కోసం ఆ నాలుగు మాటలను మా సిస్టరు గొంతుతో వినిపించే ఏర్పాటు జరుగుతున్నది.

పేజీ మీ కంటిని పరీక్షించదు. ఆ మాట పైననే పెద్ద అక్షరాలలో రాయించాము, ఇక్కడ కూడా రాస్తున్నాము. షుగరు ఉన్నట్లు తెలిసిన పెద్దవారు, చూపు బాగానే ఉన్నా సరే, ఏడాదికి ఒకసారి కంటి తెర పరీక్ష చేయించుకోవాలి. చుక్కల మందు వేసి చూసే రోజు చూపు కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపకండి, తోడు ఒకరిని తెచ్చుకోండి. షుగరు ఉన్న స్త్రీ గర్భవతి అయితే ఏడాది ఆగవద్దు, మొదటి నెలలలోనే చూపించుకోవాలి. ఉన్నట్టుండి కంటి ముందు నల్లటి చుక్కలు, తెర దిగినట్లు కనబడితే యంత్రం కోసం, శిబిరం కోసం చూడకుండా అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

చేట, గింజలు ఓపీ హాలులో మందుల కిటికీ పక్కన బల్ల మీద ఉన్నాయి. గింజలలో ఇప్పటికే నాలుగు తగ్గాయి, పిల్లలు ఆడుకోవడానికి తీసుకుపోయి ఉంటారు. ఎర్రవి మాత్రం నూరూ ఉన్నాయి. మీరు పుల్ల ఎక్కడ పెడతారో పెట్టి, ఎందుకో పక్కనున్న పుస్తకంలో ఒక మాట రాయండి. రాయడం రానివారు సిస్టరుతో చెప్పి రాయించండి.